పండూ, మీ చిన్నమ్మకి చెప్పు

పొద్దున్న ఆరున్నరకే పలుకుపలక మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి.

"అడుగుతున్నారు. చెయ్యలేకపోతున్నాను."

బొప్పాయి ముక్కల పళ్ళెంతో వచ్చిన హాసిని రెక్కగది గుమ్మంలోనే ఆగిపోయింది. వరసగా ఎనిమిదో రోజు అదే వాక్యం. కొమ్మ మీద పండు అనే చిలక తల వంచి, ఛాతీ మీద మిగిలిన నాలుగు బూడిదరంగు ఈకల్లో ఒకదాన్ని ముక్కుతో పట్టి లాగుతోంది. ఎర్రటి తోక ఒక్కటే చెక్కు చెదరకుండా ఉంది.

"పండూ, మీ చిన్నమ్మకి చెప్పు, బాదంపప్పులు ఇంకాస్త మెత్తగా నానబెట్టమని," అంది హాసిని గోడ వైపు చూస్తూ.

వంటింట్లోంచి మోక్షిత గొంతు వినిపించింది. "పండూ, మీ పెద్దమ్మకి చెప్పు, రాత్రే నానబెట్టాను, పొట్టు కూడా తీశానని."

పండు ఆ ఈకను పీకేసి కింద పడేసింది.

పంజరాలు పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇప్పుడు పక్షిని పెంచే ప్రతి ఇంట్లోనూ అద్దాల రెక్కగది ఉండాలి, పక్షి కాలికి మదికడియం ఉండాలి. ఉంగరమంత ఆ కడియం గుండె వేగాన్నీ, గొంతు కదలికనీ, మెదడులోని అలజడినీ పట్టి గోడ మీది పలుకుపలకకు పంపుతుంది. పలక దాన్ని మనిషి మాటల్లోకి మారుస్తుంది. పూర్వం పక్షికి జబ్బు చేసిందని అది కొమ్మ మీంచి పడిపోయాక గాని తెలిసేది కాదు. ఇప్పుడు "నీళ్ళు వెచ్చబడ్డాయి", "స్నానం కావాలి", "ఆ కొత్త కర్టెన్ భయపెడుతోంది" లాంటి మాటలు కాకినాడ అపార్టుమెంట్లలో అందరూ కాఫీ తాగుతూ చదువుకుంటున్నారు. ఎర్ర అక్షరాలు వారం దాటితే మాత్రం పక్షి సంరక్షణ విభాగం వాళ్ళు వస్తారు.

తోటికోడళ్ళిద్దరూ తమకు తోచిందల్లా చేశారు. చెయ్యలేకపోతున్నానంటే కాయలు కొరకలేకపోతోందేమోనని పొట్టు తీసి పెట్టారు. ఎక్కలేకపోతోందేమోనని కొమ్మను కిందికి దించారు. నీళ్ళ గిన్నె మార్చారు. ప్రతి మార్పునూ పండు చేతే ఒకరికొకరు కబురు పెట్టుకున్నారు.

పది గంటలకు విభాగం నుంచి షమీనా వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, రెక్కగదిలో ఓ మూల పీట వేసుకు కూర్చుంది.

"మీ పని మీరు చేసుకోండమ్మా. నేనున్నాననుకోకండి," అంది.

"కాఫీ తాగుతావా అమ్మా?" అడిగింది హాసిని.

"తాగుతానండి."

"పండూ, మీ చిన్నమ్మకి చెప్పు, మూడు కాఫీలని."

"పండూ, మీ పెద్దమ్మకి చెప్పు, పాలు విరిగాయని. నిన్న సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టడం ఎవరు మరిచిపోయారో కూడా అడుగు."

షమీనా ఒకసారి వంటింటి వైపు, ఒకసారి హాసిని వైపు చూసింది. గంటసేపు కూర్చుని చేతిలోని చిన్న పుస్తకంలో గీతలు గీస్తూ పోయింది. ఆ తర్వాత ఇద్దర్నీ లోపలికి పిలిచింది. వాళ్ళు చెరో గోడకి చేరబడ్డారు.

"ఈ చిలకకి పనులు నేర్పింది ఎవరండి?"

"మా ఆయన," అంది మోక్షిత. "గుడ్డులోంచి వచ్చిన నెలకే తెచ్చారు. ఆయన పోయి మూడేళ్ళు."

"ఎలా నేర్పారు?"

"ముందు పేరు పెట్టి పిలిచేవారు. పండూ, తలుపు వెయ్యి. పండూ, కళ్ళజోడు తీసుకురా. చేస్తే ఒక బాదంపప్పు."

షమీనా పుస్తకం వాళ్ళ వైపు తిప్పింది. "గంటలో ముప్పై ఒక్కసారి పండూ అన్నారు మీరిద్దరూ. పేరు పిలిస్తే పని చెప్పినట్టే దానికి. చెప్పు, అడుగు, అను... ఇవి ఏం పనులో దానికి అర్థం కాదు. చేస్తే మెచ్చుకునే మనిషీ లేడు. పొద్దుణ్ణించి రాత్రి దాకా తప్పు చేస్తున్నాననుకుంటోందండి అది. ఇన్నాళ్ళూ ఓర్చుకుంది, ఇక ఓపిక లేక ఈకలు పీక్కుంటోంది."

హాసిని వంగి కింద పడ్డ ఈకను ఏరింది.

"ఇంతకీ మీరిద్దరూ సూటిగా మాట్లాడుకోరా?"

"పండూ..." అని మొదలుపెట్టి హాసిని నాలిక్కరుచుకుంది.

షమీనాకు నవ్వు వచ్చింది గాని ఆపుకుంది. "ఏడు రోజులు టైం ఇస్తున్నానండి. దాంతో చెప్పే మాటలు దానికి సంబంధించినవే అయ్యుండాలి. ఎర్ర అక్షరాలు పోకపోతే పక్షివనానికి తీసుకెళ్ళక తప్పదు. మంచి చోటే. కానీ అక్కడికెళ్ళిన పక్షిని తిరిగి ఇవ్వరు."

మోక్షిత పండు దగ్గరికి జరిగింది. పోయిన భర్త తేజస్ గొంతును అచ్చంగా అనుకరించి దగ్గేది ఈ లోకంలో ఆ పక్షి ఒక్కటే. హాసినికి మాత్రం తక్కువా? పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేసరికి తేజస్ పదేళ్ళ మరిది. తన చేత్తో అన్నం పెట్టి పెంచింది.

మొదటి మూడు రోజులూ ఇంట్లో చెంచా చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. వంట అయిందని హాసిని మూత గట్టిగా పెట్టి తెలియజేసింది. బట్టలు ఆరాయని మోక్షిత బుట్టను నడవలో వదిలేసింది. ఎర్ర అక్షరాలు మారాయి గాని పోలేదు.

"ఎవరూ కూయడం లేదు. గద్ద వచ్చిందా?"

మోక్షిత షమీనాకు ఫోన్ చేసింది.

"గద్ద కనిపిస్తే గుంపంతా నోరు మూసుకుంటుందండి," అంది షమీనా. "దాని గుంపు మీరిద్దరే కదా. మాట్లాడుకోండి, ఏదైనా పరవాలేదు. వాతావరణం గురించైనా."

నాలుగో రోజు మధ్యాహ్నం రెక్కగది గుమ్మం దగ్గర ఇద్దరూ కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. పండు కొమ్మ చివర బిర్రబిగుసుకుని ఉంది. మోక్షిత పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, కంచంలోకి చూస్తూ అంది.

"ఉప్పు తక్కువైంది."

"నాతోనేనా?"

"ఇంకెవరితో? గోడ వండిందా పప్పు?"

"బీపీ నీకే కదా అని తగ్గించాను."

"మూడేళ్ళుగా నా బీపీ గుర్తులేదు నీకు."

"ఎందుకు గుర్తులేదు? నీ మాత్రలు డబ్బాలో వారం వారం సర్దేది ఎవరనుకున్నావు? అవి వాటంతటవే నడిచొస్తున్నాయా?"

మోక్షిత కంచం పక్కకి నెట్టి గొంతు పెంచింది. "అంత శ్రద్ధ ఉన్నదానివి ఆ రోజు ఎందుకు ఫోన్ చెయ్యలేదు? ఇంటికొచ్చి రెండు మెతుకులు తిందామని కూర్చున్నాను. పది నిమిషాల దూరం ఆస్పత్రి. ఆయన పోతుంటే నువ్వు పక్కన కూర్చుని నాకు కబురైనా పెట్టలేదు!"

"అరవకు, దానికి భయం..."

"అరుస్తాను! మూడేళ్ళు అరవలేదు!"

"అయితే విను!" హాసిని కూడా అరిచింది. "వాడే వద్దన్నాడు! ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు. మూడు రోజులైంది వదినా అది అన్నం తిని, ఇప్పుడు తింటూ ఉంటుంది, తిన్నాక పిలువు అన్నాడు. తిన్నాక పిలుద్దామనే అనుకున్నాను. వాడు అంతసేపు ఉంటాడనుకున్నాను. నాకేం తెలుసు?"

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? పదకొండో రోజున అందరి ముందూ, నాతో మాట్లాడకు, చెప్పేదేదైనా ఉంటే ఆ చిలకతో చెప్పుకో అన్నావు. చిలక చేత పంపే మాటా ఇది?"

ఇద్దరూ ఒకేసారి పలక వైపు చూశారు. ఇంత గొడవ తర్వాత అక్కడ ఏముంటుందో వాళ్ళకు తెలుసనుకున్నారు. అక్షరాలు ఆకుపచ్చగా ఉన్నాయి.

"గుంపు ఇక్కడే ఉంది. నిద్ర వస్తోంది."

పండు ఒంటికాలి మీద నిలబడి, ముక్కును వీపు మీది ఈకల్లో దాచుకుంటోంది. తనను ఎవరూ ఏమీ అడగని గొడవ దానికి జోలపాటలా ఉన్నట్టుంది.

ఏడో రోజు షమీనా వచ్చి ఛాతీ మీద మొలుస్తున్న కొత్త ఈకల మొలకల్ని భూతద్దం పెట్టి చూసింది. సంతృప్తిగా సంతకం చేసింది. విభాగం వాళ్ళ పత్రంలో చివర ఒక గడి ఉంటుంది: పక్షి కోలుకోవడానికి ఇంట్లో చేసిన మార్పులు. షమీనా అందులో "కొమ్మ ఎత్తు సరిచేశారు" అని రాసింది. మిగతాది రాయడానికి ఆ పత్రంలో చోటు లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం జరిగింది మాత్రం ఇంకొంచెం ఉంది. కంచాల్లో అన్నం ఎండిపోయింది. మోక్షిత లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ఈసారి ఎదురుగా కాకుండా హాసిని పక్కన కూర్చుంది.

"అక్కా, ఇంకేమన్నారు?"

హాసిని కొంగుతో మొహం తుడుచుకుంది.

"చాలా అన్నాడే. నువ్వు గుమ్మం దాటిన దగ్గర్నుంచి చెప్తాను, విను."