మూడో గదిలో ఇంటి తాత

ఆ అంతరిక్ష కేంద్రంలో మూడో గది చివరి పడక మంచిది కాదని అందరూ అనేవారు. దీపాలు ఆర్పాక అక్కడ మూలుగు వినిపించేదట... ఊఁ... ఊఁ... అని, పళ్లూడిన ముసలాడు మూలిగినట్టు. పడుకున్నవాళ్ల గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చునేవారట. పల్లెల్లో పొయ్యి వెనక కాపురముండే ఇంటి తాతే రాకెట్ ఎక్కి వచ్చేశాడని పాత సిబ్బంది నవ్వేవారు. నవ్వేవారే గాని, ఆ పడక వైపు పోయేవారు కాదు.

రొదియోన్ పోయాడు. పందెం కాసి మరీ.

"తాతకి రొట్టె పెడితే చాలు, తాయా. మా నాయనమ్మ అలాగే పెట్టేది," అన్నాడు, నల్లరొట్టె ముక్క జేబులో వేసుకుంటూ.

"ఒక్క నలుసు రాలినా నీ చేతే ఏరిస్తాను," అంది తయీసియా.

కేంద్రంలో గాలి బాధ్యత ఆమెది. ఆ పనిలో ఆమె ఎవరినీ క్షమించదు, తనను అసలే క్షమించుకోదు.

మూడో రాత్రి ఆమె ఉలిక్కిపడి లేచింది. పక్కనున్న మూడో గదిలో మూలుగు లేదు. దాని బదులు — నవ్వు! కిచకిచమని, సన్నగా...

టార్చి పట్టుకుని తేలుతూ బయల్దేరింది. దారిలో గాలి కొలిచే పెట్టె చూసింది. అంకెలు బాగానే ఉన్నాయి. గది చివరికి వెళ్లి, అలమరా లాంటి ఆ పడక తలుపు తీసి, లోపలికి తల పెట్టింది.

రొదియోన్ నిద్రసంచీలో ఉన్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. కళ్లు మూసుకునే నవ్వుతున్నాడు.

"రోద్యా!"

"ష్... తాత నా గుండెల మీద కూర్చున్నాడు. అబ్బ, ఎంత బరువో! ఇక్కడ ఎవరికీ లేని బరువు — ఈయనకెలా వచ్చింది, తాయా?"

తయీసియాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. కణతలు దడదడలాడాయి, తల గిర్రున తిరిగింది. నువ్వూ ఇక్కడే పడుకోవే అని ఎవరో బుజ్జగిస్తున్నట్టుంది...

అప్పుడు కనిపించింది రొట్టెముక్క. అతని ముక్కుకి జానెడు దూరంలో... కదలకుండా.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ కేంద్రంలో చెంచా జారినా, కళ్లజోడు జారినా, గాలి లాక్కుపోయి పంకా జాలీకి అతికిస్తుంది. ఏది పోయినా అందరూ ముందు అక్కడే వెతుకుతారు. ఈ ముక్క మాత్రం వదిలినచోటే ఉంది.

అక్కడ గాలి చచ్చి ఉంది.

సంచీతో సహా పట్టి లాగింది. సగం దారిలో అతని నవ్వు ఆగింది. పలుకూ లేదు... అతన్ని పెద్ద పంకా ఎదుటికి ఈడ్చి, చెంప మీద ఒక్కటిచ్చింది.

"పీల్చు! పీల్చరా, మొద్దూ!"

ఒక క్షణం... రెండు... ఖళ్లుమని దగ్గాడు.

తయీసియా ఊపిరి బిగబట్టి వెనక్కి వెళ్లింది. పడక వెనక గాలిగొట్టంలో చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. లాగింది. ఉన్ని మేజోడు! వెంటనే... ఊఁ... ఊఁ...

"తాత నోరు మూయించాను," అన్నాడు రొదియోన్ తల దించుకుని. "నిద్రపోనివ్వడే!"

"అది పంకా చప్పుడు. నీకు ముందువాళ్లూ ఇదే తెలివి చూపించి ఉంటారు. గాలి కదలకపోతే వదిలిన ఊపిరి మొహం చుట్టూనే గుమిగూడుతుంది. మళ్లీ మళ్లీ దాన్నే పీలుస్తావు."

"మరి..." అతను గొంతు తగ్గించాడు. "గుండెల మీద కూర్చున్నదెవరు?"

తయీసియా మేజోడు అతని మొహాన కొట్టింది.

"నువ్వే!"