ఎడమచేతుల బడి

పాఠం అద్భుతంగా సాగుతోంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

బల్ల మీద ఒక టార్చిలైటు, ఒక ఫుట్‌బాల్, ఒక నిమ్మకాయ ఉన్నాయి. టార్చి సూర్యుడు, బంతి భూమి, నిమ్మకాయ చంద్రుడు. దమయంతి టీచరు నిమ్మకాయని మెల్లగా బంతి నీడలోకి జరిపి, "ఇప్పుడేమైంది?" అని అడిగింది. "చంద్రగ్రహణం!" అని ఆరో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. ఏ ప్రశ్న వేసినా గదిలోని పిల్లలందరూ చెయ్యెత్తుతున్నారు. లేపిన ప్రతి పిల్లా తడుముకోకుండా జవాబు చెబుతోంది.

పైకప్పుకి బిగించిన దీపాల్లో మాత్రం ఒక్కటీ వెలగలేదు.

వెనక బెంచీ పక్కన కూర్చున్న పరిశీలనాధికారి త్రివిక్రమరావు గారు, పాఠం మొదలైనప్పటినుంచీ తల పైకెత్తి ఆ దీపాలనే చూస్తున్నారు. గంట కొట్టాక మెడ సవరించుకుని చేతిలోని ట్యాబ్ వంక చూశారు.

"సున్నా అండి," అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పడానికి నిజంగానే ఇబ్బంది పడ్డారు. "కనీసం ముప్పై వెలగాలి మేడమ్. మిమ్మల్ని విచారణకి పిలుస్తారు. అక్కడా ఇంతే అయితే బడికి గుర్తింపు ఉండదు."

దమయంతి టీచరు చేతిలో నిమ్మకాయ అలాగే ఉండిపోయింది.

ఈ దీపాల సంగతి కొంచెం చెప్పాలి. వీటి అసలు పేరు కాంప్రహెన్షన్ మీటర్. జనం తెలివిదీపం అని పిలుచుకున్నారు. మనకి ఏదైనా విషయం బోధపడినప్పుడు "ఓహో, ఇదా సంగతి!" అనుకుంటాం కదా, సరిగ్గా ఆ క్షణంలో మెదడులో ఒక సన్నని విద్యుత్ తరంగం పుడుతుంది. పైనున్న సెన్సర్ ఆ తరంగాన్ని పట్టుకుంటుంది. ఎవరి మెదడులో పుట్టిందో వారి తల మీదున్న పచ్చదీపం ఒకసారి వెలిగి ఆరుతుంది. తలకి తగిలించుకునేది ఏమీ లేదు. వైర్లు లేవు, నొప్పి లేదు.

ఇంత ముచ్చటైన యంత్రం కనిపిస్తే ప్రభుత్వం ఊరుకుంటుందా? వెంటనే ఒక నిబంధన పుట్టింది. రాష్ట్రంలోని ప్రతి ప్రైవేటు బడిలోనూ తెలివిదీపాలు పెట్టాలి. పరిశీలన రోజున ఒక పీరియడ్‌లో ముప్పైసార్లు వెలగకపోతే ఆ బడి మూతపడాలి. ప్రభుత్వాన్ని మరీ తప్పుపట్టను. ఫీజులు పిండుకుని పాఠం చెప్పని బడులు లేవని నేనూ అనలేను. కాకపోతే ఆ నిబంధన రాసిన వాళ్ళు దీపం గురించి బ్రోషరులో మొదటి పేజీ చదివి అక్కడితో ఆపేసినట్టున్నారు.

నల్లమిల్లిపేటలో దమయంతి నడిపే మల్లికా విద్యానిలయం ఒకప్పటి బియ్యం గోడౌను. ఆటోవాళ్ళ పిల్లలు, చేపల మార్కెట్ వాళ్ళ పిల్లలు, టైలర్ల పిల్లలు అక్కడ చదువుకుంటారు. ఆవిడే కరస్పాండెంట్, ఆవిడే హెడ్‌మిస్ట్రెస్, ఆరో తరగతికి సైన్సు టీచరు. బంట్రోతు రాని రోజున గంట కొట్టేదీ ఆవిడే. ఆ బడి మూసేస్తే పిల్లలు హైవే దాటి పక్క ఊరు వెళ్ళాలి. మగపిల్లలైతే ఎలాగో వెళతారు. ఆడపిల్లల తండ్రులు చాలామంది ఇంక చదివించం అని ముందే చెప్పేశారు. దమయంతికి తన కుర్చీ పోతుందన్న బెంగ లేదు. టైలర్ కూతురు జరీనా లాంటి పిల్లలు కుట్టుమిషన్ ముందు కూర్చుండిపోతారన్నదే ఆవిడ భయం.

మరి అన్ని జవాబులు చెప్పిన క్లాసులో ఒక్క దీపమూ ఎందుకు వెలగలేదు?

మన బడుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. గోడలకి సున్నం వేస్తారు, పిల్లలకి గోళ్ళు తీయిస్తారు, ఒక పాఠం ఎంచుకుని దాన్ని అరగదీస్తారు. దమయంతీ అదే చేసింది. గ్రహణం పాఠాన్ని రోజూ రిహార్సల్ వేయించింది. ఆఖరికి బడి ఎదుట కిళ్ళీకొట్టు ఆయన కూడా గ్రహణాలు ఎలా వస్తాయో గడగడా చెప్పే స్థితికి వచ్చాడు.

ఆ బడిలో ఇంకో ఆచారం కూడా ఉంది. ప్రశ్న వేయగానే అందరూ చెయ్యెత్తాలి. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. వచ్చిన అధికారికి లేచిన చేతులే కనిపిస్తాయి, టీచరు మాత్రం కుడిచేతుల వాళ్ళనే లేపుతుంది. మోసమే అనుకోండి. కానీ ఇన్‌స్పెక్షన్ లేని రోజుల్లోనూ దమయంతి ఆ పద్ధతి మానలేదు. తెలియని పిల్ల చెయ్యి దించుకుని సిగ్గుపడక్కర్లేదు. పైగా ఎడమచెయ్యి ఎవరెత్తారో చూసి, కుడిచెయ్యి ఎత్తిన పిల్ల ఒకతె వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాలి. అది అక్కడి నియమం.

ఇన్ని రిహార్సల్స్ అయ్యాక, పరిశీలన రోజున లేచినవన్నీ కుడిచేతులే.

సున్నా వార్త తెలియగానే మొదట వచ్చినవాడు చిన్న ప్రైవేటు బడుల సంఘం అధ్యక్షుడు బసవరాజు. భారీ మనిషి, ఆయన ఎక్కితే స్కూటరు కనపడదు. సంఘాలంటే నాకు పెద్ద గౌరవం లేదు, సభలూ శాలువాలూ తప్ప ఏముంటాయని అనుకునేవాణ్ణి. ఈ ఒక్క మనిషిని చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆ నెలంతా ఆయన తన బడిని భార్యకి అప్పగించి, ఊరూరా తిరిగి సున్నాలు వచ్చిన బడులన్నిటికీ ధైర్యం చెప్పాడు.

"అమ్మా, మీరు కంగారు పడకండి," అన్నాడు మంచినీళ్ళు తాగుతూ. "మీ ఒక్కరిదే కాదండీ ఇది. బాగా చెప్పే బడులన్నిటికీ సున్నాలూ రెళ్ళూ వస్తున్నాయి. రాష్ట్రంలో ఫస్టు ఎవరో తెలుసా? పుట్టినప్పట్నుంచీ సైన్సు టీచరే లేని బడి. పరిశీలన రోజు పొద్దున ఒకాయన్ని అద్దెకి తెచ్చుకున్నారంట. దీపాలు దీపావళిలా వెలిగాయండి!"

"మరి యంత్రం అబద్ధం చెబుతోందా అన్నయ్య గారూ?"

"అది నాకేం తెలుసమ్మా. తయారుచేసిన ఆవిణ్ణే అడిగాను. రేపు వస్తానన్నారు."

ఆవిడే డాక్టర్ మృణాళిని. బస్సు దిగి, భుజాన ఒక సంచితో తిన్నగా గోడౌనుకి వచ్చింది. బడులు మూయించడానికి తన దీపాన్ని వాడుతున్నారని బసవరాజు ఫోను చేసేదాకా ఆవిడకి తెలియదు. దమయంతి ఇచ్చిన కాఫీ పుచ్చుకుని, పరిశీలనకి ముందు వారం ఏం చేశారని అడిగింది. దమయంతి ఏమీ దాచలేదు. రిహార్సల్స్ గురించి చెప్పింది, కుడి ఎడమ చేతుల గురించి కూడా తలొంచుకుని చెప్పేసింది.

మృణాళిని ముందు నవ్వింది, తర్వాత ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దమయంతి గారూ, ఈ దీపం తెలిసినదానికి వెలగదండి. తెలియనిది తెలిసినప్పుడే వెలుగుతుంది, అదీ ఒక్కసారే. కడుపునిండా తిన్నవాడి ముందు అన్నం పెడితే ముట్టుకోడు. వాడికి జబ్బని ఆస్పత్రిలో చేరుస్తామా? మీ పిల్లలు నిండుగా తిని ఉన్నారు."

"అయితే నేను ఎక్కువ చెప్పడమే తప్పయిందా?"

"తప్పు మీది కాదు. ఎవరికి ఇంకా అందలేదో టీచరుకి తెలియడానికి దీన్ని చేశాను నేను. బడికి తూకం వెయ్యడానికి కాదు. ఆ మాట విచారణలో నేనే చెబుతాను."

విచారణ రోజున పిల్లల్ని జిల్లా కేంద్రానికి తీసుకెళ్ళడానికి ఊళ్ళో ఆటోవాళ్ళందరూ బేరాలు మానేసి వచ్చారు. చేపల మార్కెట్ ఆడవాళ్ళు పులిహోర కట్టి ఇచ్చారు. దమయంతి అందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ ఆటో ఎక్కింది.

కమిషనర్ గారు, సభ్యులు, త్రివిక్రమరావు గారు ఒక పొడుగు బల్ల వెనక కూర్చున్నారు. మృణాళిని అడిగిన మీదట హాలు పైకప్పు నిండా తెలివిదీపాలు బిగించారు, పిల్లల తలల మీద, అధికారుల తలల మీద కూడా. దమయంతి మళ్ళీ అదే పాఠం మొదలుపెట్టింది. టార్చి, బంతి, నిమ్మకాయ. పిల్లలు చక్కగా జవాబులు చెప్పారు. దీపాలు వెలగలేదు.

"చూశారుగా, మళ్ళీ సున్నానే," అన్నారు కమిషనర్. "ఇంక చెప్పడానికేముంది డాక్టర్ గారూ?"

మృణాళిని లేచి, ఆ రోజు బడిలో దమయంతికి చెప్పిన మాటే ఇంకా వివరంగా చెప్పింది. అధికారులు మర్యాదగా తలలూపారు. వాళ్ళ తలల మీద దీపాలూ వెలగలేదు. అంటే ఆవిడ చెప్పింది ఒక్కరికీ ఎక్కలేదన్నమాట. పిల్లల వెనక కూర్చున్న బసవరాజు నుదురు కొట్టుకున్నాడు.

అప్పుడు దమయంతికి ఏం తోచిందో, బల్ల వైపు తిరిగింది.

"అయ్యా, మా బడిలో ఒక పద్ధతి ఉందండి. ప్రశ్న అడిగితే తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. పున్నమి నెలనెలా వస్తుంది కదా, మరి గ్రహణం నెలనెలా ఎందుకు రాదు?"

పిల్లల కుడిచేతులన్నీ లేచాయి. బల్ల వెనక మాత్రం ఎవరూ కదల్లేదు. ఒక సభ్యుడు గడియారం చూసుకున్నాడు. ఇంకొకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. కమిషనర్ గారు దగ్గారు.

కాసేపటికి త్రివిక్రమరావు గారు ఎడమచెయ్యి ఎత్తారు.

"నాకు తెలీదు మేడమ్," అన్నారు. "ఆ రోజు నేను మీ క్లాసులో పీరియడంతా కూర్చున్నాను. పాఠం వినలేదండి. దీపాలు చూశాను."

టైలర్ మస్తాన్ కూతురు జరీనా చటుక్కున లేచింది. ఎడమచెయ్యి లేస్తే పక్కకి వెళ్ళి కూర్చోవాలి, అది ఆ పిల్లకి నాలుగేళ్ళుగా అలవాటు. టార్చీ బంతీ నిమ్మకాయా తీసుకుని బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

"సార్, టార్చి మీరు పట్టుకోండి. చంద్రుడు తిరిగే దారి తిన్నగా ఉండదు సార్, కొంచెం వాలి ఉంటుంది. చూడండి, ఈ నెల నీడకి పైనించి పోయాడు. వచ్చే నెల కిందనించి పోతాడు. ఎప్పుడో ఒకసారి తిన్నగా నీడలో పడతాడు. అప్పుడే సార్ గ్రహణం."

త్రివిక్రమరావు గారు టార్చి పట్టుకుని నిమ్మకాయ వంక చూశారు. "ఓహో," అన్నారు.

ఆయన తల మీద పచ్చదీపం వెలిగింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కమిషనర్ గారు తలెత్తి ఆ దీపాన్ని చూశారు, తర్వాత పిల్లల తలల మీద వెలగని దీపాలని చూశారు, నెమ్మదిగా జరీనా వంక చూశారు. "అంటే వీళ్ళకి వెలగనిది..." అని ఆగిపోయారు. ఆయన తల మీదా దీపం వెలిగింది. ఆయనకి అర్థమైంది గ్రహణం కాదు, మృణాళిని చెప్పిన మాట.

బడి గుర్తింపు ఉంటుందని ఆ మధ్యాహ్నమే రాసిచ్చారు. దమయంతి బసవరాజు చేతులు పట్టుకుని ఏడ్చేసింది. "అన్నయ్య గారూ, మీ రుణం తీరేది కాదు," అంటే, "ఊరుకోండమ్మా, మా బడికీ సున్నానే వచ్చింది," అని ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. మృణాళినికి చేపల మార్కెట్ వాళ్ళు సంచి పట్టనన్ని ఎండురొయ్యలు కట్టి పంపారు. ఆవిడ శాకాహారి. అయినా వద్దనడానికి నోరు రాక మొయ్యలేక మోసుకుపోయింది. అందరికన్నా ఎక్కువగా దమయంతి త్రివిక్రమరావు గారికి కృతజ్ఞతలు చెప్పుకుంది. ఒక పెద్దమనిషి నలుగురిలో ఎడమచెయ్యి ఎత్తడం ఎంత కష్టమో ఆవిడకి తెలుసు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ ప్రభుత్వం నిబంధనని రద్దు చెయ్యలేదు, సవరించింది. పిల్లలకి ముందుగా తెలియని పాఠమే పరిశీలనలో చెప్పాలంది. దాంతో పరిశీలన దగ్గర పడితే చాలు, పెద్ద పెద్ద బడులు పిల్లల్ని ఇళ్ళలో పుస్తకం తెరవనివ్వకండని తల్లిదండ్రులకి కబురు పెట్టడం మొదలుపెట్టాయి. "మా విద్యార్థులకు ఇంకా ఏమీ తెలియదు" అని ఒక బడి గర్వంగా ఫ్లెక్సీ కట్టింది. పిల్లలు ఇంత సంతోషంగా ఎన్నడూ లేరు.

అంతటితో అయిందా? అధికారుల తలల మీద కూడా దీపం వెలుగుతుందని రుజువైంది కాబట్టి, ఇకమీదట ప్రతి అధికారీ తెలివిదీపం కింద కూర్చుని మాత్రమే ఉత్తర్వుల మీద సంతకం చెయ్యాలని పైనుంచి కొత్త నిబంధన వచ్చింది. సంతకం పెట్టేది దేనికో అర్థమై దీపం వెలగకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు, అధికారికి బదిలీ. అధికారులు హడలిపోయారు. ఎవరిని ఆశ్రయించాలో తెలియక చివరికి బసవరాజు ఇంటి ముందు వచ్చి నిలబడ్డారు. తన బడికి సున్నా వేసినవాళ్ళనీ ఆయన లోపలికి పిలిచి కాఫీ ఇప్పించాడు. "సంఘం ఉన్నదెందుకండీ," అని అందరినీ వెంటబెట్టుకుని నల్లమిల్లిపేట తీసుకొచ్చాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆరో తరగతి బెంచీల్లో మోకాళ్ళు పట్టక అవస్థ పడుతూ అధికారులు కూర్చున్నారు. మొదటి వరసలో త్రివిక్రమరావు గారు, ఆయన పక్కన కమిషనర్ గారు. నిబంధనల ముసాయిదా రాసిన ఇద్దరు సభ్యులు వెనక బెంచీలో. దమయంతి నల్లబల్ల తుడిచి వాళ్ళ వైపు తిరిగింది.

"ముందు మా పద్ధతి నేర్చుకోండి. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. సిగ్గుపడకూడదు. సరేనా? అయితే చెప్పండి, ఈ నిబంధనలన్నీ అసలు ఎందుకు పెట్టారు?"

గదిలో చేతులన్నీ లేచాయి. అన్నీ ఎడమచేతులే.

దమయంతి గుమ్మం దగ్గరికి వెళ్ళి, బయట ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచింది. "జరీనా, అందరినీ తీసుకురా అమ్మా. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కరు కూర్చోవాలి."