కాగితం మీద పండిన వరి

ఉదయం ఏడింటికి, మనీలాలో బస్సు దిగుతున్న పంట లెక్కలు చూసే గణాంక నిపుణుడు ఎఫ్రేన్‌ను ఎవరో కాల్చి చంపారు. ఏడున్నరకల్లా గూఢచారి విభాగంలో కర్నల్ అబూయేవా తన ఏజెంటు క్రిసాంతోను పిలిపించింది.

"పదింటికి కేబినెట్. ఈసారి వరి విరగపండుతుందని పంటల అంచనా వేసే ఫోర్‌కాస్ట్ మోడల్ చెబుతోంది. అది నమ్మి బియ్యం దిగుమతి ఆపేస్తారు. కొరత రాగానే ధర పెంచి అమ్ముకోవడానికి విదేశీ ముఠా గోదాములు నింపుకుని కూర్చుంది."

"మోడల్లో వేలు పెట్టిందెవరు మేడమ్?"

"అది నువ్వు చెప్పాలి."

క్రిసాంతోకు తెలుసు. మరివిక్! ఆ మోడల్ నడిపే అందగత్తె. ముఠాలోకి ఆమెను పంపింది తనే. మూడేళ్ల క్రితం ముఠా నమ్మకం కోసం మోడల్లో ఒక్క అంకె మారుస్తానని ఆమె అంటే సరేనన్నదీ తనే. ఆ అంకె వల్ల కొరత వచ్చి, ఆ ఏడు అతని సొంతూళ్లో బియ్యం క్యూలో తొక్కిసలాట జరిగింది. చనిపోయిన పదకొండు మంది పేర్లూ అతనికి కంఠతా వచ్చు. రిపోర్టులో మాత్రం ఆ అంకె సంగతి రాయలేదు.

తొమ్మిదిన్నరకు కాఫీ అందించేవాడి వేషంలో కేబినెట్ భవనంలోని మరివిక్ గదిలో అడుగుపెట్టాడు.

"ఉప్పు వేయమంటారా మేడమ్?" కోడ్ మాట.

"రెండు చెంచాలు, అన్నా," అంది మరివిక్, చెవి ముత్యాన్ని సవరించుకుంటూ.

"ఎఫ్రేన్‌ను పట్టిచ్చావా?"

"తప్పు కనిపెట్టాడు. వాళ్లకు చెప్పాను. చంపుతారనుకోలేదు."

"అనుకోలేదా?"

"క్యూలో జనం చస్తారని నువ్వనుకున్నావా?"

అతను ఉంగరంలో దాచిన పెన్ డ్రైవ్ తీసి కంప్యూటర్‌కు గుచ్చాడు. మోడల్లో చేసిన మార్పుల చిట్టా రెండు పేజీలుగా ప్రింటయింది.

మరివిక్ నవ్వింది. "మొదటి పేజీలో, మూడేళ్ల నాటి మార్పు పక్కన నీ కోడ్ నంబరుంది. అది చింపేస్తే, మిగిలిన ఒక్క మార్పునూ టైపింగ్ పొరపాటంటారు. చూపిస్తే ఇద్దరం మునుగుతాం. నువ్వు చూపించవులే!"

మెట్ల మీద మొదటి పేజీని అతను ఒకసారి సగానికి మడిచాడు. మళ్లీ విప్పాడు. పరుగెత్తాడు.

తొమ్మిదీ యాభై తొమ్మిది. మంత్రి కలం దిగుమతి ఆపే ఉత్తర్వును తాకబోతోంది.

"ఆగండి సర్!"

"కాఫీ అక్కడ పెట్టు," అన్నాడు మంత్రి తలెత్తకుండానే.

"కాఫీ కాదు సర్. ఈ పంట పొలంలో లేదు." రెండు పేజీలూ బల్ల మీద పరిచాడు. "ఇది ఈ ఏటి మోసం. ఇది మూడేళ్ల నాటిది. దీనికి ఒప్పుకున్నది నేనే."

కలం ఆగిపోయింది.

మధ్యాహ్నానికి గోదాములకు సీళ్లు పడ్డాయి. మరివిక్ విమానాశ్రయంలో దొరికింది. కర్నల్ చెప్పకముందే క్రిసాంతో రెండు చేతులూ చాచాడు.

"ఎన్నేళ్లు పడొచ్చు మేడమ్?"

బేడీలు వేస్తూ కర్నల్ నిట్టూర్చింది. "అంచనాలు అడక్కు నాయనా. ఈ పూటకి చాలు."