వేపచెట్టుకు బండెడు పేళ్లు

రత్నకూట రాజ్యంలో చెట్ల కొమ్మలు కత్తిరించే రోజులొస్తే కోట వాకిట చెక్కపేళ్లు కుప్పలు పడేవి. చెత్తంటే గిట్టని రాజుగారు వాటిని తగలబెట్టించేవారు. చెట్లకు దక్కాల్సిన ఎరువు బూడిదవుతోందని వనదేవతకు ఒళ్లు మండింది. ఆజ్ఞ ఇచ్చిన రాజును వదిలేసి, నిప్పు పెట్టిన కూలి ఎర్రక్కను ఐదు కొండల అవతల వేపచెట్టుగా మార్చేసింది. దేవతలకూ పెద్దవాళ్లంటే మొహమాటమే మరి!

ఎర్రక్క కూతురు చెంగమ్మకు పన్నెండేళ్లు. రోజూ రెండు కంచాలు పెట్టుకుని, అమ్మ కంచం వైపు చూస్తూ ముద్ద దిగక లేచిపోయేది. చివరికి వనదేవత గుడిలో పడి ఏడ్చింది.

"బండెడు పేళ్లు తీసుకెళ్లి మీ అమ్మ చుట్టూ పరుచు. మూడు రోజుల తర్వాత ఒక్క ఆకైనా మిగిలితే మనిషవుతుంది. అన్నీ రాలితే ఆశ వదులుకో," అంది దేవత.

చెంగమ్మ పేళ్లు అడగ్గానే కోట తోటమాలి సంబరపడ్డాడు. "పట్టుకుపో తల్లీ, పీడా వదిలిపోద్ది! బండి కూడా నేనే ఇత్తాను."

మొదటి కొండ దిగగానే బురదలోంచి రాక్షసుడు లేచాడు. "పిల్లా! నా బురద దారికి సగం పేళ్లు పోస్తావా, నిన్ను మింగమంటావా?"

"పోస్తాను మామా. మిగతా సగం మా అమ్మకు."

మామా అన్నందుకు రాక్షసుడి మొహం చేటంతయింది. బండిని ఎత్తి బురద దాటించాడు. మూడో కొండమీద ఎలుగుబంటి తన పిల్లలకు పక్క కావాలంటే, చెంగమ్మ రెండు గంపలు ఇచ్చింది.

ఐదో కొండ అవతల వేపచెట్టు కనిపించగానే పరుగెత్తి వాటేసుకుంది. "ఎన్నాళ్లయిందే అమ్మా నిన్ను చూసి!" పేళ్లన్నీ మొదలుకు ఆనించి నడుమెత్తున పోసి, గాలి చొరకుండా అదిమింది.

మర్నాటికి ఆకులు జలజలా రాలసాగాయి. చెంగమ్మ ఏడుపు విని, పక్కన తపస్సులో ఉన్న ముని కళ్లు తెరిచాడు.

"బెంగకొద్దీ ఊపిరాడకుండా చేశావు తల్లీ. వేళ్లకు చల్లదనం కావాలి, మొదలుకు గాలి తగలాలి. పేళ్లు పల్చగా పరిచి, మొదలు చుట్టూ జానెడు ఎడం వదులు."

"మళ్లీ దూరమైపోతుందేమో తాతా!"

"ఇలాగే ఉంచితే చచ్చిపోతుంది."

చెంగమ్మ పేళ్లు వెనక్కి లాగింది. తర్వాత చెట్టును ముట్టకుండా రెండు రోజులు ఎదురుగా కూర్చుంది. రాక్షసుడి ముందు నిలబడటం కూడా ఆమెకు ఇంత కష్టం కాలేదు.

నాలుగో ఉదయం ఒకే రెమ్మకు నాలుగు ఆకులున్నాయి. బెరడు విచ్చుకుని ఎర్రక్క బయటికొచ్చింది. "చిక్కిపోయావే నా తల్లీ!" అంది.

తర్వాత ఎర్రక్క రాజుగారి తోటలకు పెద్ద అయింది, పేళ్లన్నీ చెట్ల కిందికే చేరాయి. అదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం ఐదు కొండలూ చెంగమ్మ అమ్మ కొంగు వదల్లేదు. ఎర్రక్క వదలమననూ లేదు.