ఎర్ర సున్నాలు

“ఆరు వారాల్లో జపనీస్ నేర్చుకోవాలి. ఇద్దరూ,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఫోర్టీన్ ముఖం చిట్లించాడు. భాష గురించి కాదు, ‘ఇద్దరూ’ అన్న మాట గురించి. పక్క కుర్చీలో ఉన్నది స్వయానా అతని బావమరిది. డిపార్ట్‌మెంట్‌లో చేరి రెండేళ్లు కాలేదు, అప్పుడే చీఫ్‌కి ముద్దొచ్చాడు. ఇంట్లో చూస్తే భార్య నోట పొద్దస్తమానం “మా తమ్ముడు, మా తమ్ముడు”. విని విని ఫోర్టీన్‌కి ఒళ్లు మండిపోతోంది.

పని చిన్నదే. ఒక జపనీస్ సైంటిస్ట్ విమానం మారడానికి ఎయిర్‌పోర్ట్‌లో నలభై నిమిషాలు ఆగుతాడు. అతని దగ్గరున్న మైక్రోచిప్‌లో ‘గ్రే గ్లవ్’ అనే విదేశీ ముఠా మనుషుల పేర్లన్నీ ఉన్నాయి. తన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడిన మనిషికి తప్ప దాన్ని ఇవ్వడు. ఇద్దరిలో ఎవరు బాగా నేర్చుకుంటే వాళ్లే వెళ్లాలి.

పాఠాలు సీలు వేసిన సంచీలో వచ్చేవి. ట్యూటర్ ఒక జపనీస్ మహిళ అని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. క్రియ వాక్యం చివర్లో వస్తుంది, నామవాచకం వెనక మన విభక్తుల్లాంటి చిన్న ముక్కలు తగులుకుంటాయి. ఇంతేనా అనుకున్నాడు ఫోర్టీన్. దిద్దిన నోట్‌బుక్కులు తిరిగొచ్చాయి. అతని దాన్నిండా ఎర్ర టిక్కులు. బావమరిది దాన్నిండా ఎర్ర సున్నాలు.

ఫోర్టీన్‌కి మండుతున్న ఒళ్లు చల్లబడింది. ఆ సున్నాల సంగతి భార్యకి భోజనాల దగ్గర వడ్డించి మరీ చెప్పాడు. నాలుగు వారాలు చెప్పాడు. అయిదో వారం చీఫ్ నోట్‌బుక్కులు తిరగేసి, జపాన్ టీచర్లు ఒప్పుకి సున్నా చుడతారనీ, తప్పుకి టిక్కు కొడతారనీ చల్లగా చెప్పాడు. ఆ రాత్రి తమ్ముడి నోట సంగతి విన్న భార్య నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. అక్కణ్ణించీ వినబడుతూనే ఉంది.

వెళ్లేది బావమరిదేనని ఖాయమైంది.

ఆఖరి రోజు పొద్దున ట్యూటర్ స్వయంగా సేఫ్ హౌస్‌కి వచ్చింది.

“వానొస్తే గొడుగెవరిది?” అన్నాడు ఫోర్టీన్.

“ముందు తడిసినవాళ్లది.”

కోడ్ సరిపోయింది. నల్ల కోటు, వెండి ఫౌంటెన్ పెన్, గది మొత్తాన్ని తనవైపు తిప్పుకునే నవ్వు. ఆ నవ్వు కూడా బావమరిదికే. ఫోర్టీన్ నోట్‌బుక్ వైపు ఆమె చూడనైనా లేదు. బావమరిది భుజం మీదుగా వంగి, బల్ల మీది ఎర్ర పెన్సిల్‌తో అతని చివరి పాఠం దిద్దింది. చాలా బాగా రాశావంది. పదకొండింటికి ఎయిర్‌పోర్ట్‌కి కారులో తనూ వస్తానంది.

వాళ్లు మెట్లు దిగుతుంటే ఫోర్టీన్ బల్ల మీదున్న బావమరిది నోట్‌బుక్ ముందుకు లాక్కున్నాడు. ఎన్ని సున్నాలొచ్చాయో లెక్కపెట్టుకుని ఏడవడం అతనికి అలవాటైపోయింది. ఈసారి ఒక్క సున్నా లేదు. అన్నీ టిక్కులే. తిక్క కుదిరిందనుకున్నాడు. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. అన్నీ తప్పయితే ఆమె మెచ్చుకున్నదెందుకు? మొదటి ప్రశ్న రెండో వారంలోదే. జవాబూ అదే. అప్పుడు సున్నా, ఇప్పుడు టిక్కు.

ఆ నోట్‌బుక్కులు ఇన్నాళ్లూ దిద్దినది ఈమె కాదు.

చీఫ్‌కి ఫోన్ చేశాడు. నీ కడుపుమంట ఆఫీసంతటికీ తెలుసంటూ చీఫ్ లైన్ కట్ చేశాడు. కిటికీలోంచి చూస్తే బావమరిది ఆమెకి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. పోతే పోనీ అనిపించింది ఫోర్టీన్‌కి. ఒక్క క్షణమే. ఆ క్షణం గురించి భార్యకి ఈనాటికీ చెప్పలేదు.

మూడు మెట్లకో అంగ వేసుకుంటూ దిగి, కదలబోతున్న కారు వెనక తలుపు లాగాడు. నోట్‌బుక్ ఆమె ఒళ్లో పడేశాడు.

“మేడమ్, మావాడు రాసింది ఒప్పా, తప్పా?”

“అన్నీ ఒప్పే.”

“నాలుగు వారాలు నాకు పడ్డ గుర్తు ఈ టిక్కు. దాని విలువ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.”

ఆమె ఇంకా నవ్వుతూనే పెన్ను మూత తీసింది. పాళీ ఉండాల్సిన చోట సూది. అది బావమరిది మెడకి అంగుళం దూరంలో ఉండగా ఫోర్టీన్ ఆమె మణికట్టు దొరకబుచ్చుకుని విరిచాడు. సూది సీటులో దిగబడింది, దాని చుట్టూ తోలు పొగలు కక్కింది.

బావమరిది మెడ తడుముకున్నాడు. “బావా,” అన్నాడు. తర్వాత ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు.

అసలు ట్యూటర్ తన ఫ్లాట్ బాత్‌రూమ్‌లో కాళ్లూ చేతులూ కట్టేసి దొరికింది. నలభై దాటిన మామూలు మనిషి, లావు కళ్లద్దాలు. కట్లు విప్పగానే టైమ్ అడిగి, పదండి అంది. సైంటిస్ట్ విమానం ఎక్కడానికి రెండు నిమిషాలుండగా బావమరిది అతనితో నాలుగు ముక్కలు మాట్లాడి చిప్ తెచ్చాడు. ఫోర్టీన్ పార్కింగ్‌లో కూర్చుని, గ్రే గ్లవ్ పంపిన ఆ నల్ల కోటు మనిషికి కాపలా కాశాడు.

మర్నాడు ఆఖరి పాఠం దిద్ది ట్యూటర్ నోట్‌బుక్కులు ఇచ్చింది. ఫోర్టీన్ దాంట్లో, జీవితంలో మొదటిసారి, గుండ్రంగా ఒక ఎర్ర సున్నా. దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్యకి చూపించాడు. ఆమె నిజంగానే మురిసిపోయింది. తమ్ముడి ప్రాణం కాపాడినవాడాయె, రెండో కూర కూడా చేసింది.

అప్పుడే బావమరిది వచ్చి తన నోట్‌బుక్ బల్ల మీద పెట్టాడు. అందులోనూ ఒక సున్నా ఉంది. దాని చుట్టూ ట్యూటర్ ఓపిగ్గా పువ్వు రేకులు గీసింది. బాగా మెచ్చిన పిల్లలకి జపాన్‌లో అలా గీస్తారట.

ఎనిమిది రేకులు. ఫోర్టీన్ రెండుసార్లు లెక్కపెట్టాడు.