పాదాల చుట్టూ గీత

బొమ్మలు నేర్పే ఆ బడిలో వెనక హాలంటే అందరికీ హడలే. హాలు చివర పాలరాతి అమ్మాయి బొమ్మ — ఎడమ చెయ్యి ఎప్పుడో విరిగింది, కుడిది మిగిలింది. చీకటి పడ్డాక దాని ఎదుట ఒంటరిగా నిలబడితే "కదలకు..." అని వినిపిస్తుందట.

"కోతలు!" అని కొట్టిపారేసేది, అందరూ పొడుగు అని పిలిచే ఒకమ్మాయి. కొట్టిపారెయ్యక ఏం చేస్తుంది పాపం? పరీక్ష రెండుసార్లు తప్పింది. తెల్లారేసరికి ఆ బొమ్మని బొగ్గుతో గీసి చూపించకపోతే సీటు గల్లంతే.

"రాత్రిపూట వద్దమ్మా," అన్నాడు వాచ్‌మన్ తాత.

"అరగంటే తాతా. నన్ను దెయ్యాలు కూడా భరించలేవులే!"

నేలమీద తన పాదాల చుట్టూ సుద్దతో గీత గీసుకుంది. చూసి గీసేవాళ్ల పద్ధతే అంత — ఎన్నిసార్లు వచ్చినా అక్కడే నిలబడాలి, బెత్తెడు జరిగినా నీడలన్నీ తారుమారవుతాయి. స్టాండుకి తగిలించిన కాగితం మీద ముక్కు కుదిరింది... మెడ కుదిరింది...

టప్పున కరెంటు పోయింది.

చేతిలోంచి బొగ్గుముక్క జారింది. దొర్లుకుంటూ పోయి... ఆగింది. వెతుకుదామని వంగబోయింది.

"కదలకు..."

కదుల్దామన్నా కాళ్లు రావే! ఆ చీకట్లో కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు... సర్... సర్... ఎంతసేపో.

గుమ్మంలో టార్చి వెలిగింది. "ఫ్యూజు పోయిందమ్మాయ్, వచ్చెయ్!"

కాగితం అక్కడే వదిలేసి ఒకటే పరుగు. బయటపడ్డాక అడిగింది.

"కదలకు అన్నది నువ్వేనా తాతా?"

"నేనే. చీకట్లో పడతావని."

"మరి ఆ చప్పుడో?"

"ఎలుకలమ్మా!"

ఓరి దేవుడా అనుకుని నవ్వేసింది. సగం బొమ్మే అయిందన్న దిగులుతో రాత్రంతా నిద్రపట్టలేదు.

పొద్దున్నే వెళ్తే మేష్టారు అప్పటికే హాల్లో, ఆ కాగితం ముందు నిలబడి ఉన్నారు.

"అద్భుతం! కానీ బొమ్మని గీయమంటే నీ మొహం గీసుకున్నావేంటమ్మాయ్? ఇంత బెదురుగా?"

కాగితం మీద తనే. సగం వంగి, కళ్లు పెద్దవి చేసుకుని, కదలకుండా... ఎదురుగా నిలబడి చూసినవాళ్లే గీయగల తీరు.

నేలకేసి చూసింది. తన సుద్దగీతకి ఎదురుగా ఇంకో జత పాదాలు గీసి ఉన్నాయి — బొగ్గుతో. మెల్లగా తలెత్తింది. పాలరాతి వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి.

వెనక మేష్టారి గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"సీటు నీదే! ఈ రాత్రికి ఇలాంటిదే ఇంకోటి గీసి పెట్టు."