ఆరో స్క్రూ

నాచారం పారిశ్రామికవాడలో మా షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గేటు ముందు తల లేని నాయకుడి విగ్రహం ఒకటి మూడేళ్ళుగా నిలబడి ఉంది. చేయించుకున్నవాళ్ళు పార్టీ మారారు. ఏ తల పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. మాది తెనాలి వైపు, తాత నాటి నుంచీ బొమ్మలు చేసే ఇల్లు. నేను ఇక్కడికొచ్చి ఫైబర్ విగ్రహాలు పోయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళయింది. కాపురం ఉప్పల్లో. ఉమామహేశ్వర్‌కి పనితనం ఎంత ఉందో నోటి దురుసూ అంతే ఉందని మా ఆవిడ పద్మశ్రీ ఊరందరికీ చెబుతుంది. నిజమే, కాదనను. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం నేను నోరు పారేసుకున్నది మాత్రం కోపంతో కాదు, జాలితో. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

సాంబయ్య గారు మొదటిసారి వచ్చింది ఎండలు ముదిరే రోజుల్లో. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, బోడుప్పల్లో కూతురు రాణి దగ్గర ఉండేవాడు. వైమానిక దళంలో విమానాలకు నేల మీద మరమ్మతులు చేసి రిటైరయ్యాడు. గుడ్డ సంచిలోంచి పాత ఫోటోలు పదకొండు తీసి నా బల్ల మీద పరిచాడు. అన్నీ ఒకే యుద్ధవిమానం. ఒక్క మనిషి కూర్చుని నడిపేది. దానిలో నాలుగో వంతు సైజులో, పన్నెండు అడుగుల బొమ్మ కావాలన్నాడు.

"ఆకారం ఎవడన్న జేస్తడు బిడ్డా. నాకు దాని తోలు కావాలె" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆకారం రెండు నెలల్లో అయిపోయింది. తోలు మాత్రం నాలుగు నెలలు నన్ను తిన్నది. రేకుకీ రేకుకీ మధ్య సన్నటి గీత గియ్యాలి. ఆ గీత పొడవునా రేకుల్ని బిగించే రివెట్లు గుచ్చాలి. ఇంజెక్షన్ సూది మొన అరగదీసి, గుచ్చి తిప్పితే ఆవగింజంత గుండ్రటి గీత పడుతుంది, అదే రివెట్టు తల. ఒక్కో రెక్క మీద రెండు వేల పైచిలుకు. పైలట్ కాలు పెట్టి ఎక్కేచోట రంగు అరిగి కింద వెండి రంగు కనపడాలి. పొగ గొట్టం దగ్గర మసి వెనక్కి సాగాలి. నేను మొదటిసారి రంగు వేసి నున్నగా మెరిపించి చూపిస్తే పెద్దాయన మొహం మాడిపోయింది.

"పెండ్లి కారు లెక్కుంది. ఇది ఎగిరిన విమానం. దీని మీద ఎండ గొట్టింది, వాన గొట్టింది, నా చేతుల జిడ్డున్నది."

ఒళ్ళు మండింది నాకు. "అంత తెలిసినవాడివి నువ్వే చేసుకోకపోయావా బాబాయ్" అన్నాను. ఆయన పట్టించుకోలేదు. కళ్ళు మూసుకుని ఎడమ రెక్క మీద అరచేయి పెట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. "ఈడ ఒకటి తక్కువున్నది" అన్నాడు. ఫోటో పెట్టి లెక్కపెట్టుకున్నాను. నిజంగానే ఒక రివెట్టు తక్కువ. ఆ రోజు నుంచి నోరు మూసుకుని ఆయన చెప్పినట్టే చేశాను.

వర్షాలు పడ్డాక ఒక సాయంత్రం అసలు సంగతి చెప్పాడు.

విమానం పొట్ట కింద ఎడమవైపు అరచేయంత మూత ఒకటుంటుంది. దానికి ఆరు స్క్రూలు. పావు తిప్పు తిప్పితే బిగుసుకునే రకం. స్క్రూ తల మీది గాడి విమానం పొడవునా ఉంటే మూసినట్టు, అడ్డంగా ఉంటే తెరిచినట్టు. ఒక్కటి వదులైనా గాలికి మూత లేచిపోతుంది. ప్రతిసారీ ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి అవన్నీ చూసి సంతకం పెట్టడం సాంబయ్య గారి పని.

"ఆ పొద్దు చిదంబరం సారు ఎక్కిండు. ఇరవై ఆరేండ్ల పిలగాడు. నేను కింద గూసొని ఐదు తిప్పిన. గప్పుడే ఎవరో పిలిసిన్రు. ఆరోది తిప్పి లేసిన్నా, తిప్పకుండ లేసిన్నా… నలభై ఏండ్ల సంది యాదికొస్తలేదు బిడ్డా. పదకొండు నిమిషాలకు విమానం కూలింది. పక్షి తగిలిందని రాసిన్రు. నన్ను ఎవ్వరు ఒక్క మాట అనలే."

బల్ల మీది ఫోటోలు సర్దుతూ మళ్ళీ అన్నాడు. "మంగళారం నాకు గుండె ఆపరేషన్. మల్ల లేస్తనో లేవనో. నేను సంపిన్నో లేదో తెల్వకుండ ఆ బల్ల మీద పండుకోలేను. నా చెయ్యికి ఎరుక ఉంటది. అదే తోలు, అదే మూత దొరికితె తడిమి చెప్తది. మూత అసలు సైజుల్నే జెయ్యి. ఐదు గాళ్ళు కొట్టు. ఆరోది ఖాళీ ఉంచు, ఎటు కొట్టాల్నో నేను తడిమి చెప్త."

నా బతుకులో ఎంతోమంది బొమ్మలు చేయించుకున్నారు. పేరు కోసం, మొక్కు కోసం, ఓట్ల కోసం. ఇలా అడిగినవాడు లేడు.

శనివారం పైలట్ బొమ్మ పూర్తి చేసి విమానంలో కూర్చోబెట్టాను. మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. గుడ్డి బొమ్మ షెడ్డు దాటకూడదు. కళ్ళు అన్నిటికంటే చివర దిద్దాలి, దిద్దేటప్పుడు బొమ్మ ఎదురుగా అద్దం పెట్టాలి. మొదట తన మొహమే తను చూసుకోవాలి. ఎదురుగా మనిషి ఉండకూడదు. కళ్ళు తెరవగానే ఎవరిని చూస్తే వాళ్ళని అది వదలదని తాత చెప్పేవాడు. అవి దేవుడి బొమ్మలకు పెట్టిన నియమాలు. ఈ పైలట్ హెల్మెట్‌కి నల్లద్దం దించి ఉంటుంది, కళ్ళు ఎవరికీ కనపడవు. దిద్దకపోయినా అడిగేవాడు లేడు. కానీ చెయ్యి ఊరుకోదు కదా. షెడ్డులో అద్దం పగిలి నెలయింది. సెల్‌ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పెట్టి బొమ్మ ఎదురుగా ఆనించి, పక్కనుంచి కుంచె పెట్టాను. ఎడమ కన్ను దిద్దాను. కుడి కన్ను దిద్దుతుంటే ఫోను తెర ఆరిపోయింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంటూ అప్పుడే వచ్చిన సాంబయ్య గారు ఫోను పక్కకు తీసి, తను వంగి చూశాడు. సరిగ్గా అప్పుడే నా కుంచె చివరి చుక్క పెట్టింది.

తాత మాట గుర్తొచ్చింది. చాదస్తం అనుకున్నాను. నల్లద్దం దించి జిగురుతో అతికించేసి, పైలట్ మీద గాజు మూత బిగించాను.

ఆదివారం పొద్దున్నే ఆయన రాకముందు ఇంకో పని చేశాను. ఆరో గాడి కూడా కొట్టేశాను. పొడవునా. మూసినట్టు. దాని మీద రంగు వేసి, జిడ్డు పూసి, మిగతా ఐదింటితో కలిపేశాను. నలభై ఏళ్ళ నాటి సంగతి చెయ్యికేం గుర్తుంటుంది? తడిమి చూసుకుంటాడు, ఆరూ మూసి ఉన్నాయనుకుంటాడు, నిమ్మళంగా ఆపరేషన్‌కి వెళతాడు. అంతే నా ఆలోచన. అందులో పాపం ఏముంది?

రెండింటికి వచ్చాడు. ఆదివారం కాబట్టి పక్క లేత్ షాపు మూసి ఉంది. రోడ్డు మీద లారీలు కూడా లేవు. పై పని సరిగా వచ్చిందో లేదో చూడాలంటే దీపాలన్నీ ఆర్పి, ఒక్క టార్చి పక్కవాటుగా పట్టాలి. అప్పుడు ప్రతి గీతకీ నీడ పడి స్పష్టంగా తేలుతుంది. షట్టర్ దించాను. ట్యూబులైట్లు ఆర్పాను. పట్టపగలు షెడ్డు చీకటైపోయింది. ఫైబర్ పోసే రెసిన్ వాసన, టర్పెంటైన్ వాసన. రేకుల మీద సన్నటి చినుకు. పెద్దాయన, స్టాండు మీద ఎత్తి పెట్టిన విమానం పొట్ట కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది.

టార్చి మూత మీదికి పక్కగా పట్టాను.

ఒకటి… పొడవునా. రెండు… మూడు… నాలుగు… ఐదు.

ఆరోది అడ్డంగా ఉంది.

నేనే కొట్టాను. పొద్దున్న నా చేత్తో పొడవునా కొట్టాను. వెళ్ళి లైటు వేశాను. గాడి పొడవునా ఉంది. లైటు ఆర్పి టార్చి పట్టాను. అడ్డంగా ఉంది. టార్చి పక్కన పెట్టి చీకట్లో గోరు పెట్టి చూశాను. గోరు అడ్డంగానే జారింది.

"ఆరోది కొట్టినవా బిడ్డా?" అని గుసగుసగా అడిగాడు సాంబయ్య గారు.

అప్పుడు వాసన వచ్చింది. కిరసనాయిల్ లాంటిది. మా షెడ్డులో కిరసనాయిల్ చుక్క కూడా లేదు. ఆ వాసన చిక్కబడుతూ, వెనకాల కాలిన రబ్బరు కంపు… పెద్దాయన వేళ్ళు నా మణికట్టు పట్టుకున్నాయి. మంచులా ఉన్నాయి.

"ఇది మా విమానం వాసన" అన్నాడు.

పైన టక్… టక్… అని చప్పుడు. గాజు మీద గోటితో కొట్టినట్టు. టార్చి ఎత్తాను. పైలట్ మీది గాజు మూత లోపలి వైపు ఆవిరి పట్టి ఉంది. చూస్తుండగా ఆ ఆవిరి పెరిగింది. తగ్గింది. మళ్ళీ పెరిగింది. లోపలెవరో ఊపిరి పీలుస్తున్నారు.

షట్టర్ ఎత్తుకుని పారిపోదామనిపించింది. ఆయన మాత్రం కదలలేదు. జేబులోంచి కర్రపిడి స్క్రూడ్రైవర్ తీశాడు. నలభై ఏళ్ళ నాటిది, ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది.

"వద్దు బాబాయ్…"

విన్లేదు. ఆరో గాడిలో పెట్టాడు. తిప్పాడు.

అది గట్టి ఫైబర్. నేను గీసిన గీత. అందులో తిరగడానికి ఏమీ లేదు.

టక్ మని తిరిగింది.

"తిరిగింది బిడ్డా…" ఆ గొంతు నేనింక మర్చిపోలేను. "మూసి ఉంటె తిరగదు. తెరిసే ఉన్నది. నేను తిప్పలే… తిప్పకుండనే లేసిన. నేనే సంపిన." ఏడుస్తూ స్టూలు మీంచి జారి నేల మీద పడ్డాడు. ఒక చెయ్యి గుండె మీద. పైన గాజు మీద చప్పుడు ఎక్కువైంది. టక్ టక్ టక్ టక్… "మాఫ్ జెయ్యిండ్రి సార్" అంటున్నాడు. ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే నా చేతుల్లోనే పోతాడు.

ఆయన్ని ఒళ్ళోకి లాక్కుని, పైకి చూసి, గట్టిగా అనేశాను.

"తప్పు ఆయనది కాదు. ఆ గాడి కొట్టింది నేను. అడ్డంగా కొట్టింది నేనే. తప్పు నాది. వింటున్నావా? తప్పు నాది."

చప్పుడు ఆగిపోయింది.

ఆవిరి మెల్లగా విడిపోయింది. కిరసనాయిల్ వాసన పోయి మామూలు రెసిన్ వాసన మిగిలింది. లైట్లు వేశాను. పైలట్ హెల్మెట్ నల్లద్దం వేలెడంత పైకి లేచి ఉంది. జిగురు ఊడిన జాడ లేదు. నేను కళ్ళు ఎదురుగా చూసేట్టు దిద్దాను. ఇప్పుడవి పక్కకు తిరిగి కిందికి చూస్తున్నాయి. నేను పెద్దాయన్ని పట్టుకుని కూర్చున్న చోటికి.

నీళ్ళు తాగించి ఆటోలో బోడుప్పల్ తీసుకెళ్ళాను. దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. దిగేటప్పుడు మాత్రం, "గంత మాట ఎందుకన్నవ్ బిడ్డా" అన్నాడు.

మంగళవారం ఆపరేషన్ బాగానే జరిగింది. బుధవారం కళ్ళు తెరిచి నన్ను అడిగాడట. శనివారం రాణి ఫోన్ చేసింది.

"అన్నా, బాపు లేడన్నా." ఏడుపు మింగి చెప్పింది. "కోసిన ఛాతి ఎముక కలిపి ఆరు తీగెలు గట్టిన్రంట. రాత్రి దగ్గిండు. ఒక్కటి ఇడిసిపెట్టి గుండెకు గుచ్చుకున్నదంట. ఐదు మంచిగనే ఉన్నయంట. ఒక్కటే… ఆరోది. గిట్ల చానా తక్కువ మందికి అయితదంటున్నరు."

నా అబద్ధం ఆయన్ని కాపాడలేదు. మరి తప్పు నాది అనగానే ఆ చప్పుడు దేనికి ఆగింది?

దినాలయ్యాక రాణి ఆ స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మత్తిచ్చి బేహోష్ చేసే ముంగట బాపు చెప్పిండన్నా. ఉమామహేశ్వర్‌కు పని పడ్తది, గిది ఇయ్యమన్నడు."

నిన్న మధ్యాహ్నం షట్టర్ దించి, లైట్లు ఆర్పి, టార్చి పక్కవాటుగా పట్టాను. ఆరో గాడి పొడవునా ఉంది. మూసి ఉంది. హమ్మయ్య అనుకుని టార్చి జరపబోయాను.

దాని పక్కన ఇంకోటి ఉంది.

ఫోటోల్లో ఆరే ఉన్నాయి. నేను కొట్టింది ఆరే. పదకొండు ఫోటోలూ ముందేసుకుని లెక్కపెట్టాను. మూత మీద ఏడున్నాయి. ఏడోది అడ్డంగా ఉంది.

ఆయన స్క్రూడ్రైవర్ పెట్టి నిన్నటి నుంచీ తిప్పుతున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పద్మశ్రీ పదిసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. రెండు చేతులతో, బరువంతా వేసి తిప్పుతున్నాను.

ఇది తిరగడం లేదు.